మూడో కొటేషను

మా ఆవిడ పరాయి దేశస్థురాలు. పెళ్లినాటికి కాదు లెండి, మొన్న వేసవిలో అయింది. మా మేనత్త కూతురే, పేరు సువర్చల. చిన్నప్పుడు నా పలక పగలగొట్టి, పైగా నామీదే చాడీలు చెప్పిన మనిషి. అలాంటి మనిషి పరాయి దేశస్థురాలు ఎలా అయిందని అడుగుతారేమో! అయింది కాదు బాబూ, చేశారు. మా ప్రభుత్వం వారు నిబంధనల ప్రకారం, ఫైలు మీద సంతకాలు పెట్టి మరీ చేశారు.

మా దేశం పేరు నడిమిసీమ. పటంలో వెతక్కండి, కనబడదు. పక్క దేశాల పేర్లలోని అక్షరాలు మా మీదికి వచ్చి పడుకుని ఉంటాయి. పైన ఎగువదేశం, కింద దిగువదేశం. ఏటి మధ్యలో ఉన్న ఒక ఇసుకదిబ్బ గురించి ఈ రెండింటికీ తాతల నాటి తగాదా. దిబ్బ ఏనాడో వరదకు కొట్టుకుపోయింది. తగాదా మాత్రం నిక్షేపంలా ఉంది. మేమేమో ఇద్దరితోనూ మంచిగా ఉండేవాళ్లం. ఎగువదేశం రాయబారి భోజనానికొస్తే దిగువదేశం వాళ్లు పంపిన మామిడిపళ్లు అటక మీద దాచేవాళ్లం. దిగువదేశం రాయబారి వస్తే ఎగువదేశం కంబళ్లు అటకెక్కేవి. మా విదేశాంగ విధానం మొత్తం ఆ అటక మీదే నడిచేది. హాయిగా ఉండేది.

ఈమధ్య ప్రతి దేశానికీ ఒక వ్యూహాత్మక మిత్రదేశం ఉండి తీరాలన్న మోజు బయల్దేరింది. మా ప్రధానిగారు ఏదో అంతర్జాతీయ సమావేశానికి వెళ్తే, భోజనాల దగ్గర అందరూ జతలు జతలుగా కూర్చున్నారట. ఈయన ఒక్కరూ ఓ మూల కూర్చుని పెరుగన్నం తిని వచ్చారట. పాపం, ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. విమానం దిగుతూనే మా విదేశాంగ కార్యదర్శి గరుడాచలంగారిని పిలిచి, "ఎగువో దిగువో నాకు తెలీదు. ఒక మిత్రుణ్ణి చూడండి" అన్నారు.

గరుడాచలంగారు ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పడేశారు. నేను వారి కింద సెక్షన్ ఆఫీసర్ని. పేరు పానకాలరావు.

"పానకాలరావ్, ఈ విషయాన్ని సమగ్ర, సమతుల్య, సముచిత దృక్పథంతో పరిశీలించి సత్వరం తేల్చాలోయ్."

"చిత్తం సార్. మా ఆవిడ బదిలీ..."

"ముందు ఇది తేల్చు. నీ స్పౌజ్ కేసు నేను చూసుకుంటాను."

నా బాధ చెప్పలేదు కదూ! సువర్చల ఉలవమెట్ట హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఉలవమెట్ట మా దేశం చిట్టచివరి మండలం. అటు ఎగువదేశం, ఇటు దిగువదేశం, మధ్యలో ముల్లులా ఇది. నేనేమో రాజధానిలో. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే కాపురం. సెలవులకు ఆవిడ వచ్చేది, నాలుగు రోజులుండి, చారు పెట్టి, చొక్కాలకు గుండీలు కుట్టి వెళ్లిపోయేది. ఆవిడ వెళ్లిన సాయంత్రం ఇంటికి తాళం తీయాలంటే నాకు ఏడుపొచ్చేది. నిజం చెప్తున్నాను, సిగ్గేముంది? భార్యను రాజధానికి బదిలీ చేయించుకోవడం తప్ప ఈ జన్మకు నాకు వేరే కోరిక లేదు. ఆ ఫైలు కదలాలంటే గరుడాచలంగారి సిఫార్సు కావాలి.

అందుకని తెగ కష్టపడ్డాను. పెద్ద సమావేశం పెట్టించాను. సేనాధిపతిగారు ఎగువదేశమే మంచిదన్నారు. వాళ్ల బూట్లు చాలాకాలం వస్తాయట. వాణిజ్య శాఖవారు దిగువదేశం అన్నారు. వాళ్ల విందుల్లో రొయ్యలు వేస్తారట. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్యులవారు, రెండువైపులా వాదనలున్నాయని చెప్పి, రెండువైపుల ప్రయాణభత్యమూ తీసుకుని వెళ్లారు. ఇంక చేతులెత్తించి తేల్చేద్దాం అనుకుంటుండగా, మూల నుంచి ఎవరో దగ్గారు.

చూస్తే చెన్నకేశవులుగారు. ఆర్థిక శాఖ, ఆడిట్. ఆయన దగ్గితే ఎంత పెద్ద ఫైలైనా మంచం పట్టాల్సిందే.

"నాదో చిన్న సందేహమండీ. ఈ మిత్రదేశమనేది సరుకా, సేవా?"

గరుడాచలంగారు ఆలోచించి, "సేవే అనుకోవాలి. ఆపదలో ఆదుకుంటారు కదా" అన్నారు.

"సేవైతే టెండరు పిలవాలి. మన దగ్గర్నుంచి ఎవరు తక్కువ కోరితే వారికే ఇవ్వాలి. కనీసం మూడు కొటేషన్లు ఉండాలి."

"మూడా! మనకున్న ఇరుగుపొరుగే రెండు దేశాలు కదయ్యా!"

"అది విదేశాంగ శాఖ చూసుకోవాల్సిన విషయమండీ. ఆడిట్‌కు సంబంధం లేదు."

"నిబంధన సడలించకూడదూ?"

"నిరభ్యంతరంగా సడలించవచ్చు. నిబంధన సడలింపు సంఘం ఉంది. కాకపోతే దానికి అధ్యక్షుణ్ణి వేయాలంటే మూడు పేర్లు పంపాలి. రెండే వచ్చాయి. అది ఇంకా పెండింగులో ఉంది."

గరుడాచలంగారు నావైపు చూశారు. నేను వారివైపు చూశాను. ప్రభుత్వోద్యోగం చేసినవాడికి మూడో కొటేషను ఎలా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసుకు బీరువా కొనాలంటే కొట్టువాడే మూడూ తెస్తాడు. ఒకటి తన కొట్టుది. ఒకటి బావమరిది పేర ఉన్న కొట్టుది. మూడోది ఎప్పుడో మూతబడ్డ కొట్టుది, దాని రబ్బరు స్టాంపు మాత్రం ఇంకా బతికే ఉంటుంది. ఆ రెంటిలోనూ కావాలని ఎక్కువ రేటు వేస్తారు. అందరికీ తెలుసు. బీరువాలన్నీ అలాగే వచ్చాయి, మా ఆఫీసులో తలుపులు సరిగ్గా పడని బీరువాలు కూడా.

"కాబట్టి మనకో బావమరిది దేశం కావాలి" అన్నారు గరుడాచలంగారు గదిలోకి వెళ్లాక తలుపు వేసి. "కాగితం మీద ఉంటే చాలు. ఓ చిన్న మండలాన్ని స్వతంత్ర దేశంగా ప్రకటించి, కొటేషను వేయించి, మళ్లీ కలిపేసుకుందాం. పోయినా ఎవరికీ తెలియని మండలం ఏదైనా ఉందేమో చూడు."

నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటానా? "ఉలవమెట్ట ఉంది సార్" అన్నాను.

"అక్కడెవరున్నారోయ్?"

"మా ఆవిడ ఉంది సార్."

"మరింకేం, ఇంటి మనిషే. అధికారులెవరూ అడ్డు చెప్పరు కదా?"

"అధికారులు లేరు సార్. తహసీల్దారు పోస్టు ఖాళీ, మా ఆవిడే ఇన్‌చార్జి. మండలాఫీసు ఖాళీ, దానికీ మా ఆవిడే ఇన్‌చార్జి. వ్యవసాయాధికారి, పశువైద్యుడు, అన్నీ ఆవిడే."

"భేష్" అన్నారాయన. "అయితే దేశాధ్యక్షురాలు కూడా ఆవిడే, ఇన్‌చార్జి."

వారం తిరక్కుండా రాజపత్రం వెలువడింది. టెండరు ప్రక్రియ నిమిత్తం ఉలవమెట్ట మండలాన్ని సర్వసత్తాక స్వతంత్ర దేశంగా ప్రకటించడమైనదని అందులో ఉంది. హడావుడిలో ఎప్పటిదాకా అన్నది ఎవరూ రాయలేదు. నేను సువర్చలకు ఫోన్ చేశాను.

"ఏంటి బావా, నేను దేశాధ్యక్షురాలినా? మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు రాలేదు, ముందు అది చూడు."

"గుడ్ల సంగతి తర్వాత. ఒక కొటేషను పంపాలే. మీ దేశం మాకు మిత్రదేశంగా ఉండాలంటే బదులుగా ఏం కావాలో రాయాలి. మీ ఇష్టం. ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది కోరండి. భయపడకు. మావాళ్లు ఎలాగూ ఇవ్వరు."

"ఎంత పెద్దదైనా సరేనా?"

"ఆకాశమంత కోరు."

"సరే, ఊళ్లోవాళ్లను కూచోబెట్టి అడిగి రాస్తాను" అంది. ఆ తర్వాత, "బావా, మొన్న సాలె వీధిలో గౌరమ్మకు నొప్పులొస్తే ఎగువదేశం బస్సెక్కించాం. బస్సులోనే కానుపైంది. సరిహద్దు దాటాక పుట్టాడని మనవాళ్లూ, తల్లిది ఈ ఊరని వాళ్లూ ఇప్పటికీ ఆ బిడ్డకు జనన పత్రం ఇవ్వడం లేదు" అంది. ఇలాంటివి ఆవిడ ఎప్పుడూ చెప్తూనే ఉంటుంది. నేను అయ్యో అని, గడువు సోమవారమని గుర్తుచేసి పెట్టేశాను.

కవర్లు విప్పే రోజు ప్రధానిగారు స్వయంగా వచ్చారు. చెన్నకేశవులుగారు కత్తెర తెచ్చుకున్నారు.

మొదట ఎగువదేశం కవరు. మా ఇనుప కొండ, ఏటి నీళ్లలో సగం, మా జాతీయగీతం రెండో చరణంలో వాళ్ల పొగడ్త. తర్వాత దిగువదేశం. మా ఓడరేవు తొంభై తొమ్మిదేళ్లకు, మా ఉప్పు మొత్తం, మా గడియారాలన్నీ వాళ్ల గడియారాలతో కలిపి తిప్పుకోవడం. ప్రధానిగారు పెద్దగా బెంగపడలేదు. ఓడరేవు పోయినా చేపలుంటాయి కదా అన్నారు. కొండ పోయినా ఎండ బాగా తగులుతుందన్నారు సేనాధిపతిగారు.

మూడో కవరు విప్పారు. బడి పుస్తకంలోంచి చింపిన కాగితం. చెన్నకేశవులుగారు అద్దాలు సవరించుకుని చదివారు.

"మాకు ఒక డాక్టరు కావాలి. రాత్రిళ్లు కూడా ఊళ్లోనే ఉండే డాక్టరు. ఇట్లు, సువర్చల, దేశాధ్యక్షురాలు, ఇన్‌చార్జి."

ఇంకేమైనా ఉందేమోనని ఆయన కాగితం తిప్పి చూశారు. వెనక పక్క ఏడో తరగతి లెక్క ఉంది, అదీ తప్పు చేసి ఉంది. ఆకాశమంత కోరమంటే పిచ్చిది డాక్టర్ని కోరింది.

"అందరికంటే తక్కువ కోరింది ఉలవమెట్ట" అన్నారు చెన్నకేశవులుగారు. "టెండరు వారిదే."

"అది ఉత్తుత్తి కొటేషనయ్యా బాబూ!" అని అరిచారు గరుడాచలంగారు.

"ఏమన్నారు? ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి. వెంటనే విచారణ వేయిస్తాను. బీరువాలతో మొదలుపెట్టి."

గదిలో ఉన్న ప్రతి అధికారీ ఏదో ఒక బీరువా కొన్నవాడే. ఆ సాయంత్రమే మా దేశం ఉలవమెట్టతో వ్యూహాత్మక మైత్రీ ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఇక చూడండి నా సామిరంగా! నడిమిసీమలో మండలంగా ఉన్నన్నాళ్లూ ఉలవమెట్టకు డాక్టరు దొరకలేదు. మిత్రదేశం అయ్యేసరికి వారంలో దొరికాడు. అంతర్జాతీయ ఒప్పందం కదా, మాట తప్పితే పరువు పోతుంది. ప్రధానిగారు మిత్రదేశంలో పర్యటించాలి, కారు పోవడానికి దారి లేదు, అందుకని రోడ్డు వేశారు. పర్యటనలో సువర్చల ప్రధానిగారి పక్కన నిలబడి గౌరవవందనం తీసుకుంది. స్కౌట్ పిల్లలు కవాతు చేశారు. కోడిగుడ్లు కూడా వచ్చాయి, మిత్రదేశానికి ఆహార సహాయం అన్న పద్దు కింద.

ఎగువ, దిగువదేశాలకు నిద్ర పట్టలేదు. మమ్మల్ని ఓడించిన ఈ ఉలవమెట్ట ఎవరు? ఇంత తక్కువ కోరి నెగ్గిందంటే దీని వెనక ఎంత బలముండాలి? దిగువదేశం గూఢచారులు మేకలు కొనేవాళ్ల వేషంలో ఉలవమెట్టలో దిగారు. అప్పటికే ఎగువదేశం గూఢచారులు మేకలు అమ్మేవాళ్ల వేషంలో ఉన్నారు. వాళ్లలో వాళ్లకే బేరం కుదిరి మేకలు చేతులు మారాయి. అక్కడ ఆయుధాలేమీ కనిపించకపోయేసరికి, అంత బాగా దాచారంటే మామూలు దేశం కాదని ఇద్దరూ నివేదికలు పంపారు. రెండు దేశాలూ ఇసుకదిబ్బ గొడవ పక్కన పెట్టి, ఉలవమెట్ట స్నేహం కోసం సువర్చల ఇంటి అరుగు మీద రాయబారుల్ని కూర్చోబెట్టాయి. గౌరమ్మ బిడ్డకు మూడు దేశాలూ జనన పత్రాలు పంపాయి.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు తంటా ఇక్కడే వచ్చింది. పక్క మండలాలవాళ్లు ఊరుకుంటారా? "మమ్మల్ని కూడా పరాయి దేశం చేయండి" అంటూ మా ఆఫీసు ముందు టెంట్లు వేశారు. రేగుమడుగు మండలం వారు ఏకంగా జెండా కుట్టించుకుని వచ్చారు. ఒక ముసలాయన నా చొక్కా పట్టుకుని, "బాబ్బాబు, మా ఊరి కల్వర్టు కూలి పదేళ్లయింది. మమ్మల్ని శత్రుదేశం చేసినా పర్లేదు, కొంచెం చూడండి" అన్నాడు. ఇలా అడిగినవాళ్లందరినీ దేశాలు చేసుకుంటూ పోతే మా ఆఫీసు భవనం, దాని వెనక సైకిల్ స్టాండు తప్ప నడిమిసీమ మిగలదని లెక్క తేలింది.

గరుడాచలంగారు నన్ను పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"ఇది ఉలవమెట్ట విలీన పత్రం. మీ ఆవిడ సంతకం కావాలి. ఇది మీ ఆవిడ బదిలీ ఉత్తర్వు, రాజధాని బాలికల హైస్కూలుకి. అది పెడితే ఇది అమల్లోకొస్తుంది."

ఇన్నేళ్లూ కలలో చూసిన కాగితం కళ్లెదురుగా ఉంది. చేతిలోకి తీసుకుంటే ఆవిడ పేరు కూడా సరిగ్గా కనబడలేదు, కళ్లలో నీళ్లు. అయినా అడగబుద్ధేసి అడిగాను. "మరి డాక్టరు సార్?"

"ఆయన విదేశీ డెప్యుటేషన్ మీద వెళ్లాడు. విదేశమే లేకపోతే డెప్యుటేషన్ ఏముందోయ్? వెనక్కి వచ్చేస్తాడు. ఖాళీని యథావిధిగా నోటిఫై చేస్తాం."

ఉలవమెట్ట బస్సెక్కాను. సరిహద్దులో వెదురు అడ్డుకర్ర, దాని పక్కన బడి ఆయా నాగరత్తమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"పాస్‌పోర్టుందా అయ్యగారూ?"

"నాగరత్తమ్మా, నేనే, మీ మేడమ్‌గారి ఆయన్ని!"

"తెలుసులెండి. అయినా అడగమన్నారు. ఎల్లండి, అన్నం వండే ఉంది."

సువర్చల బళ్లో లేదు. పాత పంచాయతీ గదికి సున్నం వేసి ఆసుపత్రి చేశారు, అక్కడుంది. వరండా నిండా జనం. లోపల డాక్టరు కుర్రాడు ఎవరిదో కాలికి కట్టు కడుతున్నాడు. పిట్టలా ఉన్నాడు గాని గొంతు గట్టిది, దీపం ఇటు పట్టండని కేకలేస్తున్నాడు. నేను ఆవిణ్ణి పక్కకు పిలిచి రెండు కాగితాలూ ఇచ్చాను. విలీన పత్రం ఒకసారి చదివింది. బదిలీ ఉత్తర్వు రెండుసార్లు చదివింది.

"సంతకం పెడితే ఈ అబ్బాయి వెళ్లిపోతాడా?"

"వెళ్లిపోతాడు."

"పెట్టకపోతే ఇది చెల్లదా?"

"చెల్లదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకూ నీ దగ్గరుండాలనే ఉంది బావా. ఈ ఒంటరి వంట విసుగెత్తింది. నువ్వు పెట్టమంటే పెట్టేస్తాను. కానీ ఆ మాట నువ్వే అనాలి. నా అంతట నేను పెట్టలేను."

ఇదేం న్యాయమండీ! రెండు పెద్ద దేశాల్లో ఒకదాన్ని ఎంచమంటే మొత్తం ప్రభుత్వం చేతులు దులుపుకుంది. నన్ను మాత్రం ఈవిడ ఆ వరండాలో నిలబెట్టి తేల్చమంది. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది, గరుడాచలంగారి మీద మండింది, ఆ డాక్టరు మీద కూడా మండింది. లోపల ఎవరో పసివాడు ఏడుపు అందుకున్నాడు. గౌరమ్మ కొడుకట, సూది వేస్తున్నారట. మూడు దేశాల పౌరుడు, గొంతు కూడా మూడు దేశాలకు వినపడేటంతే ఉంది.

"పెట్టకు" అన్నాను. అని వెంటనే ఆ మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను. ఈలోగా ఆవిడ కాగితాలు మడిచి నా జేబులో పెట్టేసింది.

రాజధానికొచ్చి నివేదిక రాశాను. సదరు అధ్యక్షురాలు కేవలం ఇన్‌చార్జి అనీ, ఇన్‌చార్జి అధికారులు విధాన నిర్ణయాలు తీసుకోరాదనీ, పూర్తిస్థాయి అధ్యక్షులు నియమితులయ్యాక విలీనం విషయం పంపవలసిందనీ. గరుడాచలంగారు మండిపడ్డారు. చెన్నకేశవులుగారు మాత్రం నిబంధన సరిగ్గానే ఉందని పచ్చ సిరాతో రాశారు. ఫైలు ఆగిపోయింది. మా ఆఫీసులో ఆగిన ఫైలు కంటే గట్టి కోట ప్రపంచంలో లేదు.

మర్నాడే నాకు మెమో వచ్చింది. విదేశాంగ శాఖ ఉద్యోగికి పరాయి దేశపు భార్య ఉండరాదు గనక, ఉద్యోగమో, భార్యో ఏదో ఒకటి తేల్చుకుని తెలపవలసిందని. గరుడాచలంగారు నన్ను పిలిచి, "సమగ్రంగా ఆలోచించుకోవోయ్, నెల రోజులు టైమ్ ఇస్తాను" అన్నారు. అంత అక్కర్లేదన్నాను. ఆయన బల్ల మీదే, ఆయన కలంతోనే రాజీనామా రాసిచ్చాను.

ఉలవమెట్టలో బస్సు దిగి ఇల్లు చేరేసరికి సువర్చల వాకిట్లో నిలబడి ఉంది. నా ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, చారుగిన్నె చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఈ ఊరికి ఇన్నాళ్లూ డాక్టరు రాలేదు, తహసీల్దారు రాలేదు. వాళ్లంటే పరాయివాళ్లు. నువ్వు కూడా ఎప్పుడూ నన్ను ఇక్కణ్ణుంచి పట్టుకుపోదామనే చూశావు గాని, నువ్వే వచ్చి ఉందామని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనుకున్నావా బావా?"

"లేదే" అన్నాను.

ఆవిడ పరుపు చుట్ట తీసి చంకన పెట్టుకుంది. "సరే, లోపలికి రా. పెట్టె జాగ్రత్త, గడప ఎత్తుగా ఉంటుంది" అంది.